ఒకటే చిప్పు, పది డబ్బాలు, నలభై రోజులు

ఒకే చిప్పును పది కంపెనీలు పది డబ్బాల్లో పెట్టి అమ్మడం ఈ కాలపు మనిషికి జరిగిన అతి పెద్ద మేలు! కాదనేవాళ్లెవరైనా ఉంటే ఎల్లారెడ్డి బస్టాండ్ పక్కన జిరాక్స్ సెంటర్ నడిపే భీమేష్‌ను అడగండి. అడిగే ముందు మంచినీళ్లు తాగి, కుర్చీ చూసుకుని కూర్చోండి. అతను తొందరగా వదలడు.

ఈ గొడవలు తెలియని పెద్దల కోసం ఒక ముక్క చెప్పాలి. కంప్యూటర్‌లో గేమ్ ఆడాలంటే తెర మీద బొమ్మలు గీసిపెట్టే సామాను ఒకటి కావాలి. దాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. దాని బుర్ర ఒక చిప్పు. ఆ చిప్పును చేసేది ఒక కంపెనీ. దాన్ని తెచ్చి బోర్డు మీద కూర్చోబెట్టి, ఫ్యాన్లు బిగించి, రంగు లైట్లు తగిలించి, కత్తి పట్టుకున్న మరమనిషి బొమ్మ వేసిన డబ్బాలో పెట్టి అమ్మేవి పది కంపెనీలు. లోపలున్నది ఒకటే అయినప్పుడు పది ఎందుకంటారా? ఇదిగో, ఇలాంటి ప్రశ్నలు వేసే మన దేశం ఇక్కడే ఆగిపోయింది!

భీమేష్ తండ్రి గంగారాం అలా ఆగిపోయినవాళ్లలో ఒకడు. వానాకాలం నాట్లప్పుడు బోరు మోటారు కాలిపోతే దాన్ని షేర్ ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి పోయాడు.

"కొత్తది ఏ కంపెనీది తీసుకోవాలె?" అని అడిగాడు.

"ఖరాబైతే ఏది నేను బాగుచేస్తనో గది తీసుకో" అన్నాడు మెకానిక్.

తీసుకున్నాడు. పొద్దుగూకే లోపల మడిలో నీళ్లు పారాయి. ఎంత ఘోరమో చూడండి! ఒక రివ్యూ చదివింది లేదు, ఒక వీడియో చూసింది లేదు, డబ్బా మీద బొమ్మ బాగుందో లేదో కూడా గమనించలేదు. నెలల తరబడి అనుభవించాల్సిన ఆనందాన్ని ఒక్క పూటలో పాడుచేసుకున్నాడు. ఆ ఇంట్లోనే భీమేష్ వంటి కొడుకు పుట్టాడంటే నమ్మబుద్ధి కాదు.

భీమేష్‌కు కార్డు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి కదా. కలీమ్ కోసం. కలీమ్ మస్కట్‌లో ఏసీ మెకానిక్. ఆరో తరగతి నుంచి ఇద్దరూ దోస్తులు. కలీమ్ మామ నడిపిన ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకే కీబోర్డును చెరో సగం పంచుకుని, భుజాలతో ఒకరినొకరు తోసుకుంటూ కార్ల రేసు ఆడినవాళ్లు. ఓడినవాడు కీబోర్డును తిట్టేవాడు, గెలిచినవాడు సమోసాలు తినిపించేవాడు.

ఇప్పుడు కలీమ్‌కు రెండేళ్లకోసారి నలభై రోజుల ఛుట్టీ. అక్కడ అతనుండే క్యాంపులో నెట్టు తల్లితో మాట్లాడడానికే చాలదు, ఇక ఆటలెక్కడివి? ఆడాలంటే మనిషి రావాల్సిందే, పక్కన కూర్చోవాల్సిందే. ఈసారి ఛుట్టీలో రోజూ సాయంత్రం పూట మునుపటిలా కూర్చుని ఆడాలని ఇద్దరూ రెండేళ్లుగా ఫోన్లో చెప్పుకుంటున్నారు. కొత్త రేసు గేమ్ ఒకటి వచ్చింది. అది భీమేష్ పాత కార్డు మీద నత్తనడక నడుస్తోంది. కొత్త కార్డు వేస్తే సరిపోయె. అంతే పని!

అంతే పని అనుకునేవాళ్లకు జోహార్లు.

గల్ఫ్ నుంచి మనిషి వస్తున్నాడంటే వాడకట్టంతా ఏదో ఒకటి తెమ్మని చెప్పడం మా దగ్గర మామూలే. ఒకరికి దుప్పటి, ఒకరికి అత్తరు, ఒకరికి మోకాళ్ల నొప్పుల బామ్. భీమేష్ కార్డు తెమ్మన్నాడు. వారానికి ఒక్కటే సెలవు కలీమ్‌కు, శుక్రవారం. ఆ పూట బట్టలు ఉతుక్కోవడం మానేసి దుకాణానికి పోయి వీడియో కాల్ చేశాడు.

"ఆరు డబ్బాలున్నయ్‌రా. ఏది తేవాలె?"

"మూడు ఫ్యాన్లది చూపెట్టు. అది కాదు, దాని పక్కది. ఎనక ప్లేటు ఇనుపదా, ప్లాస్టిక్‌దా? జర గోకి చూడు."

"గోకితే సేటు కొడ్తడ్రా!"

జుమా నమాజుకు సేటు షట్టర్ దించేదాకా అలా సాగింది. తరువాతి శుక్రవారం మళ్లీ పోయాడు. ఆ మరుసటి శుక్రవారం కూడా పోయాడు. ఈలోగా భీమేష్ ఒక వీడియో చూశాడు. అందులో ఎవరో కుర్రవాడు, ఆ దుకాణంలో కుడి చివరనున్న డబ్బా కంపెనీ కార్డు వేడెక్కితే సన్నగా కూస్తుందని చెప్పాడు. కింద కామెంట్లలో నలుగురు కూయదన్నారు, ఏడుగురు కూస్తుందన్నారు, ఒకరు రెండు పక్షాలనూ తిట్టారు. ఇంత గందరగోళంలో బాధ్యత గల మనిషి నిర్ణయం ఎలా తీసుకుంటాడు? కలీమ్ సామాను సర్దిన అట్టపెట్టె, కార్డు లేకుండానే మూతపడింది. భీమేష్ వంతుకు ఒక దుప్పటి వచ్చింది. దుప్పటి విషయంలో అతన్ని ఎవరూ సలహా అడగలేదు, అందుకే వచ్చింది.

కలీమ్ దిగిన మరునాడే భీమేష్ ఇంటికి వచ్చి కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"పెట్టురా గేమ్."

"కార్డు రానీరా. దీంట్ల మజా రాదు."

"మజా ఏంది, పాత రేసే పెట్టు."

"పాతదాంట్ల రోడ్డు పక్కన గడ్డి కదలదురా!"

గడప దగ్గర కూర్చుని చుట్ట కాలుస్తున్న గంగారాం తల తిప్పి చూశాడు. "గడ్డే సూడాల్నంటే పొలంకాడికి పోండ్రి. కలుపు మస్తున్నది, గాలికి మంచిగ కదుల్తది" అన్నాడు. చూశారా, ఈ తరానికి టెక్నాలజీ మీద ఎంత చిన్నచూపో!

"నలభై దినాలున్నయ్ కద, తొందరేంది? వారంల తెస్త" అన్నాడు భీమేష్.

ఆ వారం ఇద్దరూ బస్సెక్కి కామారెడ్డి పోయారు. అక్కడ కంప్యూటర్ షాపు జీవన్‌ది. మంచి మనిషి, టీ తాగించాడు.

"తమ్మీ, లోపటి చిప్పు అన్నిట్ల ఒకటే. పైనున్న డబ్బాలే వేరు. నా తాన రెండు కంపెనీలవి ఉన్నయ్, ఏది కావాల్నంటే అది పట్టుకపో. వేరేది కావాల్నా, ఇయ్యాల చెప్తే రేపు హైదరాబాద్‌కెల్లి బస్సు పార్శిల్ల వస్తది."

పాపం జీవన్! ఇన్నేళ్లు షాపు నడిపి కూడా చిప్పు ఒకటే అనే అజ్ఞానంలో ఉన్నాడని భీమేష్‌కు జాలేసింది. ఒక కంపెనీది ఇంకో కంపెనీ దానికన్నా నూటికి ఒకటిన్నర వంతు వేగం ఎక్కువ. ఆ ఒకటిన్నర వంతు కంటికి కనిపించదు నిజమే. కనిపించనంత మాత్రాన లేదంటామా? దేవుడు కనిపిస్తున్నాడా?

ఆ పొద్దు టీ తాగి తిరిగి వచ్చారు. తరువాత ఒకసారి కార్డు పొడవు కొలవడానికి పోయారు, ఇంట్లోంచి తండ్రి టేపు పట్టుకుని. ఇంకోసారి లైట్ల రంగు చూడడానికి పోయారు. వెలుగుతుంటే చూడాలి కదా, డబ్బా మీద చూస్తే ఏం తెలుస్తుంది? వారంటీ మూడేళ్లదా, ఐదేళ్లదా అని ఒకసారి పోయారు. ఐదేళ్ల కంపెనీ సర్వీసు సెంటర్ ఎక్కడో అడగడానికి మళ్లీ పోయారు. ప్రతిసారీ కలీమ్ షాపులో స్టూలు మీద కూర్చుని గోడమీది ఫ్యాను కేసి చూసేవాడు. ఫ్యాన్లు, ఏసీలు చూసీ చూసీ విసిగి ఛుట్టీ మీద వచ్చినవాడు మరి, ఇక్కడా ఫ్యానే దొరికింది.

ఇంత మేధస్సు వృథా పోతుందా? పోలేదు. షాపుకు వచ్చేవాళ్లు భీమేష్ మాటలు విని చుట్టూ చేరడం మొదలుపెట్టారు. అతను వివరంగా చెప్పేవాడు. వాళ్లు తల ఊపి, ఏదో ఒక డబ్బా కొనుక్కుని పోయేవారు. అలా భీమేష్ సలహా మీద ముగ్గురు కార్డులు కొన్నారు. అందులో ఒకడు కామారెడ్డి పక్కనున్న రాజంపేట పిల్లవాడు, అదే సాయంత్రం ఆట మొదలుపెట్టి ఫోటో కూడా పంపాడు. భీమేష్ మాత్రం తొందరపడలేదు. వాళ్లవి చిన్న బుర్రలు, తృప్తిపడిపోతాయి.

కలీమ్ తల్లి చాంద్ బీ ఒకరోజు జిరాక్స్ సెంటర్‌కే వచ్చింది.

"బేటా, నా కొడుకు మస్కట్‌కెల్లి వచ్చిండా, కామారెడ్డికెల్లి వచ్చిండా? ఇంట్ల కంటే బస్సులనే ఎక్కువ కూసుంటుండు" అంది.

"ఇగ ఒక్కసారి అమ్మీ, ఒక్కటే సారి" అన్నాడు భీమేష్.

ఇరవై తొమ్మిదో రోజు నిజాంసాగర్ గేట్లు ఎత్తారని తెలిసి కలీమ్ బండి తెచ్చి హారన్ కొట్టాడు. "పా, నీళ్లు సూసొద్దాం, చేపలు తిందాం" అన్నాడు. పోయారు. నీళ్లు చూసినవాడు కలీమ్. భీమేష్ కట్ట మీద నిలబడి, నీళ్లకు వీపు పెట్టి, సిగ్నల్ కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని, రెండు కంపెనీల వేడి పోల్చి చూపే వీడియో చూశాడు. అంత నీటి హోరులోనూ ఏకాగ్రత చెదరలేదు! మన పాత మునులు కూడా చేపల వాసనకు ఒకసారి కళ్లు తెరిచేవారేమో. వేయించిన చేపలు చల్లారాక తిన్నాడు.

ముప్పై ఎనిమిదో రోజు కలీమ్ కోపం బయటపడింది. జిరాక్స్ మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఏదో ఒకటి తీస్కోరా. ఎల్లుండి పోత నేను."

"పైసలు పెట్టి తప్పుడుది తీస్కుంటే జిందగంత బాధ కాదురా?"

"కార్డు కోసం రాలే నేను! నీ పక్కన కూసోని ఆడుత అని వచ్చిన. రెండేండ్లు గదే అనుకున్న. గా పాత డొక్కు కార్డు మీదనే ఆడితే ఏం పోతుండెరా?"

ఎదురుగా ఉన్నవాడి కళ్లల్లో నీళ్లు తిరగడం భీమేష్ చూశాడు, సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అప్పటికప్పుడు జీవన్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, ఏదో ఒకటి తెప్పియ్!"

ఏదో ఒకటి! ఇన్నాళ్ల పరిశోధన ఆ రెండు మాటల్లో తేలింది. అది గంగారాం మెకానిక్‌ను అడిగిన దానికన్నా చిన్న మాట.

పార్శిల్ ఒక రోజు ఆలస్యమై, కలీమ్ పోయే రోజున వచ్చింది. కామారెడ్డి బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం కలీమ్ సామానుతో నిలబడ్డాడు. భీమేష్ జీవన్ షాపు నుంచి ఉరుకుతూ వచ్చాడు, చంకలో డబ్బా. కలీమ్ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బరువున్నది. మంచిదే ఉంటది" అని తిరిగి ఇచ్చేశాడు.

"కలీమ్, నాది తప్పైందిరా."

"ఛల్, ఏడ్వకు. మంచిగ ఆడు."

బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. భీమేష్ చెయ్యి ఊపడానికి డబ్బాను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకునే లోపల బస్సు మలుపు తిరిగింది.

ఇంటికొచ్చి కార్డు బిగించాడు. చక్కగా పనిచేసింది. ఎక్కడా ఆగలేదు, కూయలేదు, వేడెక్కలేదు. కార్లు గాలిలో తేలినట్టు ఉరికాయి. కంప్యూటర్ నడిపే కార్లతో ఆడి మూడు రేసులు గెలిచాడు. కంప్యూటర్ అతన్ని తిట్టలేదు, భుజంతో తోయలేదు. నాలుగో రేసు మధ్యలో ఆపేసి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి. మేలు జరిగిందా లేదా? ఒకే కంపెనీ ఉండి, ఒకే డబ్బా ఉంటే ఏమయ్యేది? మొదటి వారమే కార్డు వచ్చేసేది. ఇద్దరూ ముప్పై మూడు సాయంత్రాలు పక్కపక్కన కూర్చుని అరుచుకునేవారు, గొంతులు పోయేవి, భీమేష్ తల్లి దేవవ్వ ఇద్దరికీ ముప్పై మూడుసార్లు మిర్చి బజ్జీలు వేయలేక నడుం పట్టుకునేది. కొడుకు గొంతును, కొడుకు దోస్తు గొంతును, నూనె డబ్బాను ఆ తల్లికి మిగిల్చినవి ఆ పది కంపెనీలే! దోస్తు ఎదురుగా ఉన్నా అతనితో కూర్చునే కష్టం లేకుండా చేయడం మాటలా? పది చాలవు, ఇంకో పది రావాలని నా మనవి.

కలీమ్ మళ్లీ వచ్చేది రెండేళ్లకు. అప్పటికి ఈ కార్డు పాతబడుతుంది. భీమేష్ ఒకసారి చేసిన తప్పు మళ్లీ చేసే రకం కాదు. ఈసారి ఆలస్యం కాకూడదని, ఏ కంపెనీది కొనాలో నిన్నటి నుంచే చూస్తున్నాడు.