నాచారం బిందెల లైను

ఆ రోజు పొద్దున్న నాగేందర్ వేసుకున్న ప్లాను అరచేతిలో పట్టేంత చిన్నది. పదకొండు లోపు బిందెలకు స్టిక్కర్లు అంటించాలి. రెండింటికి లారీ వస్తుంది. నాలుగింటికి అది ఓడరేవు దారి పట్టాలి. ఐదున్నరకు ఉప్పల్లో ఇంటికి చేరి, టీ తాగుతూ భార్య ప్రవీణ ముందు కాస్త గొప్పలు పోవాలి. ఈ చివరిది కాగితం మీద రాసుకోలేదు గానీ, అసలు ప్లానంతా దాని కోసమే.

నాగేందర్ పనిచేసేది ఒక సహాయ సంస్థలో. ఏ దేశంలో వరదొచ్చినా, భూకంపమొచ్చినా సామాను సేకరించి పంపడం వాళ్ల పని. గోడౌన్ నాచారంలో ఒక సందులో ఉంది. పదకొండేళ్లుగా అతను అక్కడ పెద్దసార్ల వెనక ఫైళ్లు మోశాడు. మొదటిసారి ఒక దేశం మొత్తాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టారు. అదో చిన్న దీవి దేశం. తుఫాను దాన్ని ఊడ్చిపెట్టింది. బావులన్నీ ఉప్పుమయమయ్యాయి. ఊరికొక చోట మంచినీళ్లు పంచుతున్నారు గానీ, పట్టుకుపోవడానికి జనం దగ్గర సరైన గిన్నె లేదు. అక్కడ సహాయం పనులు చూసే ఎస్తేర్ మేడం నాలుగు వందల బిందెలు అడిగింది. ఈ రోజు లారీ కదలకపోతే ఓడ తప్పుతుంది. ఇంకో ఓడ మూడు వారాలకు గానీ లేదు. అన్నాళ్లూ అక్కడివాళ్లు ఏం చేయాలి? ఈ సంగతి తలుచుకునే నాగేందర్‌కు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు.

బిందెలు ముందురోజే ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. బిందెతో చిక్కేమిటంటే, బకెట్లలాగా ఒకదాంట్లో ఒకటి దూరదు. ఒక్కో బిందె ఒక్కో వేరు కాపురం. నాలుగు వందలూ కలిసి గోడౌన్‌ను గుమ్మం దాకా నింపేశాయి. ఒకటి లాగితే పది దొర్లుతున్నాయి. స్టిక్కరు అంటించాలంటే మనిషి నిలబడే చోటు లేదు. అప్పుడు నాగేందర్‌కు ఒక ఆలోచన వచ్చింది. అది రాకుండా ఉంటే మనకు ఈ కథ ఉండేది కాదు, అతనికి బీపీ ఉండేది కాదు.

"సార్, అన్ని బయట పెడ్దాం. గోడ పొంటి ఒక్కటే లైను. లెక్క తప్పే ముచ్చటనే లేదు," అన్నాడు త్రిమూర్తులుతో.

త్రిమూర్తులు ఊరికే సాయానికి వచ్చే పెద్దమనిషి. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ముప్పై నాలుగేళ్లు ఒక ప్రభుత్వ స్టోర్సులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కాగితంలో అంకె, నేల మీద అంకె ఒకటి కాకపోతే ఆయనకు ఒళ్లు వెచ్చబడుతుంది.

"బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడాయన.

గంటలో నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ బిందెలు గోడౌన్ గేటు నుంచి సందు చివర మిర్చిబజ్జీల బండి దాకా బారులు తీరాయి. త్రిమూర్తులు ఒకటి నుంచి నాలుగు వందల దాకా నంబరు స్టిక్కర్లు అంటించుకుంటూ పోయాడు. నాగేందర్ ఒక ఫొటో తీసి ఎస్తేర్ మేడంకు పంపి, ఓడ కాగితాలు నింపడానికి లోపలికి వెళ్లాడు.

నాచారంలో వీధి పక్కన బిందెలు వరుసగా కనబడితే దానికి ఒకటే అర్థం. ట్యాంకర్ వస్తోంది. ఈ సంగతి అక్కడ పుట్టిన ప్రతి ప్రాణికీ తెలుసు. నాగేందర్‌కూ తెలుసు. కాకపోతే ఆ పూట అతని మనసు దీవిలో ఉంది.

మొదట చూసింది సత్తమ్మ. ఈ గోడౌన్లన్నీ జొన్నచేలుగా ఉన్నప్పటి నుంచి ఆమె ఇల్లు ఆ సందులోనే. కూరగాయల గంప దించి, లైను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడుగుతూ నిలబడితే నంబరు వెనక్కి పోతుంది. గబగబా ఇంటికి వెళ్లి రెండు బిందెలు తెచ్చి చివర పెట్టింది. పోతూ పోతూ కోడలికి, పక్కింటామెకు, ఎదురింటామెకు చెప్పింది. పాపం, ఆమెకు ఏదీ దాచుకునే గుణం లేదు.

కాసేపటికి త్రిమూర్తులు లోపలికి వచ్చాడు.

"నాగేందర్ గారూ, నాలుగు వందల ముప్పై ఒకటి ఉన్నాయండీ."

"మళ్ల లెక్కపెట్టున్రి సార్."

పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. "నాలుగు వందల డెబ్బై ఎనిమిదండీ."

"సార్, జర చల్లటి నీళ్లు తాగున్రి. పోయేటప్పుడు ఒకపారి, వచ్చేటప్పుడు ఒకపారి లెక్కపెట్టినట్టున్నరు."

"అలాగైతే ఎనిమిది వందలు రావాలి కదండీ!"

నాగేందర్ కాగితాలు పక్కన పెట్టాడు. బయటికి వచ్చి చూశాడు. లైను బజ్జీల బండి దాటి మలుపు తిరిగింది. ఫ్యాక్టరీ పంపినవి నాలుగు రంగులే. ఇప్పుడు లేని రంగు లేదు. మధ్యలో స్టీలు బిందెలు రెండు, మూతి విరిగినది ఒకటి, ఒక పెయింటు డబ్బా కూడా ఉన్నాయి. ఎక్కువ పంపారేమోనని ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. "మేము పెయింటు డబ్బాలు చెయ్యం అన్నా," అని వాళ్లు పెట్టేశారు.

అంతలో సత్తమ్మ అతణ్ని పట్టుకుంది.

"అచ్చినవా కొడకా! నా బిందెలకు నంబరు చీటీ రాలే. జల్ది అంటియ్యి."

"ఏం నంబరు సత్తమ్మా?"

"టోకెను. ఇంతకు ట్యాంకర్ ఎన్ని గంటలకొస్తది?"

"ఏ ట్యాంకర్?"

"ఇగో సూడు! లైను వెట్టినోనివి నువ్వు. నన్నడుగుతవేంది?"

నాగేందర్‌కు అప్పుడు వెలిగింది. రెండు చేతులూ ఎత్తి, ట్యాంకర్ లేదు, గీంకర్ లేదు, ఇవి బయటి దేశానికి పోయే బిందెలు అని అరిచాడు. జనం పకపకా నవ్వారు.

"నీళ్లు లేకుంట ఉత్త బిందెలు పంపుతరా బయటి దేశానికి?" అని ఒకామె అడిగింది. "చెప్పొద్దని పై నుంచి ఆర్డర్ ఉన్నట్టుంది. పాపం, ఆయనేం జేస్తడు," అని ఇంకొకామె జాలిపడింది.

ఇక నాగేందర్ ఎంత గట్టిగా కాదంటే జనానికి అంత గట్టిగా నమ్మకం కుదిరింది. మనిషి ఇంతలా ఒట్లు వేస్తున్నాడంటే నల్లా కనీసం మూడు రోజులు బందే అని లెక్క తేల్చారు. ఆ లెక్క ఫోన్లలోకి ఎక్కింది. పన్నెండు కొట్టేసరికి ఉప్పల్ చేరింది. అక్కడి నుంచి ప్రవీణ ఫోన్.

"మనిషివేనా నువ్వు? నీళ్లు బందని ఊరంత తెలిసింది, ఇంట్ల పెండ్లానికి తెల్వదు. టోకెన్లు నువ్వే ఇస్తున్నవంట గద!"

"ప్రవీణా, బంద్ లేదు, టోకెన్ లేదు. నా మాటిను..."

"ఎన్నడన్న నీ ఆఫీసు ముచ్చట ఇంట్ల సక్కగ చెప్పినవా? ఆటో ఎక్కిన. మూడు బిందెలు తెస్తున్న. ముందటి నంబర్లు పక్కకు పెట్టు."

ఇక్కడ నంబర్ల పరిస్థితి వేరేగా ఉంది. చీటీ లేనివాళ్లు చీటీ ఉన్న బిందెల మీద నుంచి పీకి తమవాటికి అంటించుకుంటున్నారు. ఒకటో నంబరు అప్పటికే నాలుగు చేతులు మారింది. త్రిమూర్తులు గోడకు చేరగిలపడి కూర్చున్నాడు. "నూట పద్నాలుగు మూడు చోట్ల ఉందండీ. రెండు పెన్నుతో రాసుకున్నారు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదండీ," అని గాలిలోకి చెప్పుకుంటున్నాడు.

ఆలస్యం కావచ్చని ఒక మాట చెవిన వేద్దామని నాగేందర్ ఎస్తేర్ మేడంకు ఫోన్ చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో జరిగింది చెప్పాడు. ఆవిడ అంతా విని, "ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సహాయం సామాను పక్కన జనం తమ సామాను తెచ్చి లైను పెట్టడం ఏ దేశంలోనూ వినలేదు. మీరు కొంచెం క్రమశిక్షణ నేర్చుకోవాలి," అంది. నాగేందర్ "ఎస్ మేడం" అన్నాడు. ఇంకేమంటాడు?

సరిగ్గా అప్పుడే కాలనీ లీడర్ జగన్మోహన్ బుల్లెట్ బండి మీద దిగాడు. ఇంతమంది ఆడవాళ్లు ఒక్కచోట ఉండగా చూసి ఊరుకునే లీడర్ ఎక్కడా పుట్టలేదు.

"ఉన్నదా లేదా అన్నది తర్వాత. ట్యాంకర్ నేను తెప్పిస్త!"

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. ట్యాంకర్ తేవద్దే!" అని నాగేందర్ అడ్డం పడ్డాడు.

"ఏంది తమ్మీ? జనానికి నీళ్లొద్దంటున్నవా?"

జనం నాగేందర్ వైపు చూసిన చూపు చెప్పనలవి కాదు. ఆ గుంపులో మూడు బిందెలతో అప్పుడే ఆటో దిగిన ప్రవీణ కూడా ఉంది.

ఒంటిగంటకు ఒక ట్యాంకర్, దాని వెనకే ఇంకో ట్యాంకర్ వచ్చాయి. పైపు పడింది. నీది నాది లేదు, కనబడిన బిందెనల్లా నింపారు. నింపింది నింపినట్టే ఇళ్లకు మోశారు. రెండింటికి లారీ సందులోకి తిరిగేసరికి గోడ పొడవునా తడి, అక్కడక్కడా ఊడిన స్టిక్కర్లు, ఓ ఇరవై బిందెలు మిగిలాయి.

"సామానేదన్నా?" అన్నాడు డ్రైవరు.

నాగేందర్ గేటు మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. రెండో విడత కోసం వచ్చిన సత్తమ్మ అతణ్ని చూసి ఆగింది.

"ఏమైంది కొడకా? గట్ల కూసున్నవేంది?"

అతను ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఎస్తేర్ మేడం పంపిందే. ఒక ముసలమ్మ గొడుగు తిరగేసి, అందులో నీళ్లు పట్టుకుని బురదలో నడుస్తోంది. సత్తమ్మ ఫోన్‌ను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"గొడుగుల నీళ్లు నిలుస్తయా?"

"నిలువయి. ఇల్లు చేరేసరికి సగం కారిపోతయి. గా బిందెలు ఈమెకు పోవాలె సత్తమ్మా. నాలుగు గొట్టంగ లారీ పోవాలె."

"మరి గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్తే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా?"

"చెప్పిన గద! బయటి దేశం పోయే బిందెలని మొత్తుకున్న గద!"

"దేశమన్నవ్. ముసలామె అని చెప్పినవా?"

సత్తమ్మ కొంగు నడుముకు దోపి సందు మధ్యలో నిలబడింది. ఆమె గొంతు కూరగాయలు అమ్మి అమ్మి సాగిన గొంతు. సందు చివరి మూడంతస్తుల ఇంటి డాబా దాకా వినబడింది.

"ఏయ్, అందరు వినుండ్రి! ఎవలి బిందె వాళ్లకు ఎర్కే! నీది కాని బిందె నీ ఇంట్ల ఉంటే ఖాళీ చేసి పట్కరా. ఆడ ఒక ముసల్ది గొడుగుల నీళ్లు మోస్తుంది. సిగ్గుండాలె మనకు!"

పేర్లు పెట్టి పిలిచింది, వరసలు పెట్టి తిట్టింది. జనం కదిలారు. కానీ చేతికొచ్చిన నీళ్లను నేల మీద పారబోయడానికి నాచారంలో ఎవరికీ మనసొప్పదు. కుక్కర్లు నింపారు, కూలర్లు నింపారు, వాషింగ్ మెషీన్లు నింపారు. ఒకామె పూలకుండీలకు పోసి, అవి నిండి పొర్లితే ఇల్లు రెండుసార్లు కడిగింది. త్రిమూర్తులు టిఫిన్ క్యారియర్ మూడు గిన్నెలూ ఎవరో నింపి ఇచ్చారు. ప్రవీణ గేటు దగ్గర నిలబడి ఒక్కో బిందెనూ చూసి లోపలికి పంపింది. జగన్మోహన్ రెండు భుజాల మీద రెండు బిందెలు మోసుకొచ్చాడు. వీడియో తీసేవాడు వచ్చేదాకా దించలేదు.

నాలుగుకు పది నిమిషాలుండగా త్రిమూర్తులు లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు.

"నాలుగు వందల పదకొండండీ. కాగితంలో నాలుగు వందలే."

"ఎవలివమ్మా ఇవి? తీస్కపోవున్రి," అన్నాడు నాగేందర్. ఎవరూ ముందుకు రాలేదు. అందరూ ఎటో చూస్తున్నారు. ఒక పచ్చ బిందె అడుగున చిల్లి పడితే, చాకు కాల్చి అతికిన మచ్చ ఉంది. పొద్దున్న సత్తమ్మ చేతిలో చూసిందే.

"సత్తమ్మా, ఇది నీదే గద?"

"నాది గాదు."

"పొద్దుగాల నువ్వే..."

"నాది గాదంటున్న గద! చెవులు దొబ్బినయా? ఎక్కియ్యి."

అని గంప సర్దుకునే నెపంతో అటు తిరిగింది. త్రిమూర్తులు కొంతసేపు బిందె వైపు, కొంతసేపు కాగితం వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్లలో ఒక్క అంకె కూడా కొట్టివేయని మనిషి జేబులోంచి పెన్ను తీశాడు. నాలుగు వందలు కొట్టేసి, నాలుగు వందల పదకొండు అని రాసి, పక్కన సంతకం చేశాడు. అంకె కొట్టేసినందుకు ఇంకో సంతకం చేశాడు. నాలుగు దాటి ఎనిమిది నిమిషాలకు లారీ కదిలింది. ప్రవీణ తెచ్చిన మూడు బిందెల్లో రెండే తిరిగి ఆటో ఎక్కాయి. మూడోదాని సంగతి నాగేందర్ అడగలేదు.

ఐదు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఎస్తేర్ మేడం ఫోన్ చేసింది. గొంతులో మునుపటి బిగువు లేదు. వెనకాల సంతలో ఉన్నంత గోల.

"మీరు పంపింది నాలుగు వందల పదకొండే కదా?"

"అంతే మేడం. ఏమైనా పగిలాయా?"

"పగల్లేదు. పంచడానికి ఒడ్డు పొడవునా లైనుగా పెట్టించాను. ఇప్పుడు ఆరు వందల ముప్పై ఉన్నాయి. నూనె డబ్బాలున్నాయి, పడవ పక్కకు కట్టే టైరు ఒకటి ఉంది. నీళ్ల బండి ఎప్పుడొస్తుందని అందరూ నన్నే అడుగుతున్నారు. బండి లేదంటే నేను దాస్తున్నానంటున్నారు. పొరుగూరివాళ్లు కూడా బయల్దేరారట. నాకేమీ అర్థం కావడం లేదు. మీ దగ్గర అప్పుడు ఏం చేశారు?"

నాగేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో అతణ్ని ఒకరు సలహా అడగడం ఇదే మొదలు.

"మేడం, ఆ గుంపులో అందరికంటే గట్టిగా మిమ్మల్ని తిడుతున్న ముసలామె ఎవరైనా ఉందా?"

"ఉంది. పొద్దుటి నుంచీ ఆపడం లేదు. ఎందుకు?"

"మైకు ఆమె చేతికిచ్చి, మీరు పక్కకు జరగండి," అన్నాడు నాగేందర్.