సగంలో ఆగిన జెండా

మోర్‌వీ రేవులోని చిత్రశాలకు ఆ మంగళవారం అరవయ్యో పుట్టినరోజు. పొద్దున్నే జెండా ఎగరేయాలి, దాని ఫోటో తీసి చిత్రశాల పేజీలో పెట్టాలి, మూడింటికి వచ్చినవాళ్ళకు కాఫీ, మీగడ కేకు ఇవ్వాలి. అక్కడ పనిచేసే సోల్వై పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఆమె ధీమా.

ధీమా వెనక భయం లేకపోలేదు. చిత్రశాలను మూసేసి బొమ్మలన్నీ నగరంలోని పెద్ద మ్యూజియానికి పంపేద్దామని పురపాలక సంఘం ఆలోచిస్తోంది. "మీ బొమ్మలు ఎవరిక్కావాలి? రుజువు చూపించండి" అంది కళల సంఘం అధ్యక్షురాలు విబెకె. ఆ రుజువు కోసమే సోల్వై రెండేళ్ళుగా బ్లాగు రాస్తోంది, ఫోటోలు పంపమని జనాన్ని బతిమాలుతోంది. పంపేవాళ్ళలో ఎక్కువమంది ఆమె పిన్ని పిల్లలే. ఇవాళ మూడింటికి విబెకె స్వయంగా వస్తోంది.

డైరెక్టరు ఆస్గర్‌కు ఈ పేజీ అంటేనే గిట్టదు. "బొమ్మలు చూడ్డానికి కళ్ళున్నాయిగా, ఫోన్లెందుకు?" అంటూ తన ఫోటో ఒక్కటి కూడా అందులో పడనివ్వలేదు. ప్రస్తుతం ఫోను కట్టేసి నార్వే కొండల్లో నడుస్తున్నాడు. ఆ మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి.

కాపలాదారు ప్రేబెన్ పండగపూట కదా అని నల్ల సూటు వేసుకొచ్చి జెండా లాగాడు. సగం దాకా వెళ్ళి తాడు బిగుసుకుంది. పైకి పోదు, కిందికి రాదు. సోల్వైకి చెబితే కంగారు పడుతుందని తనే చూసుకుందామనుకున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వంచి, చేతిలోని తాడును దిగులుగా చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వంటగది కిటికీలోంచి సోల్వై ఫోటో తీసింది. వేళ్ళనిండా మీగడ. తీసినదాన్ని సరిగా చూడకుండానే పేజీలో పెట్టి, కింద ఇలా రాసింది: "మూడింటికి కాఫీకి రండి. మీ జ్ఞాపకాలు, పాత ఫోటోలు అందరితో పంచుకోండి." పుట్టినరోజని రాయలేదు. ఊరికి ఆ మాత్రం తెలియదా అనుకుంది.

మా వైపు జెండా సగంలో ఆగిందంటే ఎవరో పోయారని అర్థం. మట్టి చేసి వచ్చాకే దాన్ని పైదాకా లాగుతారు.

గంట తిరక్కుండానే ఫోను ఊపిరాడకుండా మోగసాగింది.

"చూశారా ప్రేబెన్ గారూ! మూడొందలమంది! మనమంటే ఊరికి ఎంత ప్రేమో!"

ప్రేబెన్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ప్రేమేలే అమ్మాయ్. కానీ అందరూ ఏడుస్తున్నారేం?"

"శనివారం బేకరీలో నా ముందే రొట్టె కొన్నాడు, నమ్మలేకపోతున్నాను" అని ఒకరు. "మా అబ్బాయికి బొమ్మ చూడ్డం నేర్పింది ఆయనే" అని ఇంకొకరు. "కొండల్లో, నిద్రలోనే పోయాడట" అని అన్నీ తెలిసిన మూడో మనిషి. చిత్రశాలలో పనిచేసేది ముగ్గురే. ఫోటోలో ప్రేబెన్ ఉన్నాడు, తీసింది సోల్వై, ఇక మిగిలింది ఆస్గరే. అనుమానమున్నవాళ్ళు అతనికి ఫోను చేసి చూశారు. మోగలేదు.

సోల్వై మొహం మీగడకంటే తెల్లబడింది. గబగబా ఫోటో తీసేసింది. "తీసేయమని ఇంట్లోవాళ్ళు అడిగి ఉంటారు, పాపం" అంటూ ఎవరో దాని నకలు మళ్ళీ పెట్టారు. ఆమె గట్టిగా రాసింది: "ఎవరూ చనిపోలేదు! ఆస్గర్ బతికే ఉన్నాడు!"

వెంటనే జవాబొచ్చింది: "ఎంత బాగా చెప్పావు సోల్వై. అవును, మన గుండెల్లో."

"ఇప్పుడేం రాయను?"

"ఇంకేం రాయకు తల్లీ. నువ్వు రాసినకొద్దీ ఆయన ఇంకాస్త చచ్చిపోతున్నాడు."

"పోనీ, ఆ తాడు కోసేయండి!"

"కోస్తే జెండా నేలమీద పడదూ? నా కంఠంలో ప్రాణముండగా అది జరగదు. ఇంతకీ కిటికీలోంచి చూడు. డాక్టరుగారింటి జెండా దిగింది. బేకరీదీ దిగుతోంది."

వీధి పొడవునా జెండాలు ఒక్కొక్కటే సగానికి జారుతున్నాయి. పేజీలోకి ఫోటోలు వచ్చిపడుతున్నాయి. ఫోటో అంటేనే మండిపడే ఆస్గర్‌ను ఊరు ఇన్నేళ్ళూ దొంగచాటుగా తీస్తూనే ఉంది. పిల్లలతో పాటు నేలమీద పడుకుని వలల బొమ్మను చూస్తున్న ఆస్గర్. పైకప్పు కారిన రోజు తను తడుస్తూ, బొమ్మకు గొడుగు పట్టిన ఆస్గర్.

మూడింటికి వరస రేవు దాకా సాగింది. సోల్వై గుమ్మంలో నిలబడి, "ఎవరూ పోలేదండీ!" అని అరిచింది. పూలకొట్టు ఆవిడ దండ పక్కన పెట్టి ఆమెను కౌగిలించుకుంది. "ఏడ్చెయ్ సోల్వై. లోపల దాచుకోకు."

విబెకె నల్లబట్టల్లో వచ్చింది.

"విబెకె గారూ, ముందు ఒక్కమాట వినండి..."

"వద్దమ్మా. నాకు అర్థమైంది."

ఆమె కుర్చీ ఎక్కింది. గదినిండా ఫోన్లు పైకి లేచాయి. "ఈ జనాన్ని చూశాక ఇంకే రుజువూ అక్కర్లేదు. ఆస్గర్ మీద ఒట్టు! ఈ గోడమీది బొమ్మ ఒక్కటి కూడా ఊరు దాటదు. నేను పదవిలో ఉండగా ఈ తలుపు మూతపడదు!"

చప్పట్ల మధ్య గుమ్మం దగ్గర ఎవరో గాభరాగా అడిగారు. "ఎవరు పోయారు? ప్రేబెనా?"

వీపున సంచి, ఎండకు కమిలిన ముక్కు, చేతిలో తెల్లపూల గుత్తి. జెండాలు చూసి బస్టాండు దగ్గరే కొనుక్కొచ్చిన ఆస్గర్.

ప్రేబెన్ వినయంగా ముందుకొచ్చాడు. "నేనిక్కడే ఉన్నానండి. పోయింది తమరే."

ముందు పూలకొట్టు ఆవిడ నవ్వింది. తర్వాత గదంతా నవ్వింది. విబెకె మాత్రం కుర్చీ దిగి గొంతు సవరించుకుంది. "అంటే... పరిస్థితి మారింది కాబట్టి, నా మాటను మరోసారి..."

"పేజీలో పడిపోయిందండీ" అంది సోల్వై, ఆ రోజు మొదటిసారి స్థిమితంగా. "గదిలో సగంమంది పెట్టేశారు."

విబెకె చుట్టూ చూసింది. ఫోన్లింకా దిగలేదు. "నేనెప్పుడూ అనేది అదేగా!" అని కాఫీ అందుకుంది.

జనం పలచబడ్డాక ఆస్గర్ కేకు పళ్ళెంతో సోల్వై పక్కన కూర్చున్నాడు. "ఆ జ్ఞాపకాలేవో... ఒకటి రెండు చదువు." ఆమె అన్నీ చదివింది. మామూలుగా ఇలాంటి మాటలు మనిషి వెళ్ళిపోయాకే వస్తాయి, వినడానికి ఆ మనిషి ఉండడు. ఆస్గర్ తల వంచుకుని చాలాసేపు విన్నాడు.

"ఆ గొడుగు ఫోటో" అన్నాడు చివరికి, "తీసేయకు."

బయట ప్రేబెన్ నూనె పోయగానే తాడు వదిలింది. జెండా పైదాకా వెళ్ళింది. అది చూసి డాక్టరుగారి జెండా, బేకరీ జెండా, వీధి జెండాలన్నీ వరసగా పైకెక్కాయి.

ఆస్గర్‌ను మట్టి చేయడం ఏ లోటూ లేకుండా ముగిసింది, అతను కేకు ఇంకో ముక్క అడిగాడు.