అక్కగారి గది, రాని కారు

పెరట్లో అదనపు గది కట్టుకునే పౌరులను ప్రభుత్వం మనసారా ప్రోత్సహిస్తోందని ముందుగా మనవి చేస్తున్నాను. ఆ మాట మా వీధి చివర గోడ మీద రాయించినది కూడా వారే.

దాన్ని చదివి నమ్మినవాడు మా పక్కింటి దర్జీ. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన అక్క మేడమెట్లు ఎక్కలేక, కింద కుట్టుమిషన్ల మధ్య మడతమంచం వేసుకుని పడుకుంటోంది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు ఆవిడను దాటుకుని వెళ్లాలి.

"ఒరేయ్, నాకు నాలుగు గోడలు చాలురా. తలుపుకి గడియ మాత్రం లోపలివైపు పెట్టించు," అంది ఆవిడ.

మునిసిపాలిటీలో ప్లాన్లు చూసే గుమస్తా ధర్మాత్ముడు. వంటగట్టు లేనిది నివాసం కాదన్నాడు. గట్టు గీయించారు. గట్టు ఉంటే వేరు కాపురమని, వేరు కాపురానికి కారు నిలిపే జాగా చూపాలని అన్నాడు.

"మా అక్కకి కారు లేదండీ."

"రేపు కొనుక్కోవచ్చు కదా. చట్టానికి ముందుచూపు ఉండాలండీ."

రాని కారుకు జాగా వదిలితే గదికి ఎనిమిది అడుగులు మిగిలాయి. గుడ్డ చాలకపోతే బిగుతుగా కుట్టడం దర్జీకి అలవాటే. కానీ అటూ ఇటూ గోడలకు అయిదేసి అడుగులు వదలాలట. ఆ లెక్కన గది వెడల్పు సున్నాకు రెండడుగులు దిగువన తేలింది. అంత మేరకు కట్టుకోవడానికి తనకు ఏ అభ్యంతరమూ లేదన్నాడు గుమస్తా.

మినహాయింపు కోరడానికి ఒక రుసుము, మట్టి పరీక్షకు ఒకటి, అక్కగారి వల్ల వీధి మీద పడబోయే భారానికి ఇంకొకటి. దర్జీ ఒక కుట్టుమిషను అమ్మేశాడు. దాంతో ఇంట్లో కొంత చోటు ఖాళీ అయింది కాబట్టి, ప్రభుత్వం వల్ల మేలేమీ జరగలేదనడం కృతఘ్నత.

చివరికి ఇరుగుపొరుగుల అభిప్రాయం అడిగారు. వీధి సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ మాకూ అక్కలాంటిదే. కాదనను. కానీ ఇవాళ అక్క వస్తుంది, రేపు పిన్ని వస్తుంది. మన వీధి అందం ఏమైపోవాలి?"

చప్పట్లు కొట్టాం. అభ్యంతరపత్రం మీద ఇరవై మూడు సంతకాలు పడ్డాయి. మొదటిది నాది. సంతకం చేసినవారిలో చాలామంది పెరళ్లలో మనుషులు కాపురముంటున్న మాట నిజమే గానీ, కాగితాల్లో అవి సామాన్ల కొట్లు. కొట్టుకు అనుమతి అక్కర్లేదు. దర్జీకి ఆ తెలివి లేక నిజం రాసి దరఖాస్తు పెట్టుకున్నాడు.

దరఖాస్తు తిరస్కరించారు. రుసుములు వెనక్కి ఇవ్వరు.

అక్కగారు ఇప్పుడు మా పెరటి కొట్టులో అద్దెకుంటోంది. మెట్లు లేవు, గాలి బాగా వస్తుంది. తమ్ముడు గోడ అవతలినుంచి అన్నం క్యారియరు అందిస్తాడు. తనిఖీకి ఎవరైనా వస్తే కదలకుండా కూర్చోమని చెప్పాను.

నిన్న అద్దె చేతిలో పెడుతూ ఆవిడ అడిగింది: "బాబూ, లోపల గడియ లేదేం?"

"సామాన్ల కొట్టుకి గడియ బయటే ఉంటుందమ్మా," అన్నాను. మన కొట్లన్నింటికీ అంతే కదండీ.