శివంగికి కోయిల గొంతు

ఒక పెద్ద అడవిలో, అన్ని పెద్ద అడవుల్లోనూ ఉన్నట్టే, ఒక సాంస్కృతిక సంఘం ఉండేది. దానికి అధ్యక్షుడు ఎలుగుబంటి, ఆస్థాన రచయిత నక్క. సభ్యులంతా మగజంతువులే. ఆడవాళ్ళకు ఇంటి దగ్గర బోలెడు పని ఉంటుంది కదా అని, పాపం, వాళ్ళను ఇబ్బంది పెట్టలేదు.

కొన్నేళ్ళ కిందట ఆ అడవి మీదికి రేచుకుక్కల దండు వచ్చిపడింది. గుంపుగా వేటాడే ఆ అడవికుక్కలంటే ఏనుగులకు కూడా హడలే. ఆ పూట మృగరాజు సింహం సుష్టుగా భోంచేసి గుహలో గురకపెడుతున్నాడు. ఆయన భార్య శివంగి ఒక్కతే ఎదురెళ్ళి, దండు నాయకుడి చెవి సగం కొరికేసి, మొత్తం దండును ఏరు దాటేదాకా తరిమింది. ఆయాసపడుతూ ఇంటికొచ్చి భర్తను లేపింది.

"ఏమే, తినడానికి ఏమైనా మిగిలిందా?" అన్నాడాయన.

జరిగింది ఇదీ. దీని మీద నక్క ఒక నాటకం రాశాడు. అందులో రేచుకుక్కలు శివంగిని రాటకు కట్టేస్తాయి. ఆమె "నాథా!" అని అరగంట ఏడుస్తుంది. మృగరాజు గద పట్టుకుని దూకి కుక్కలన్నిటినీ మట్టికరిపిస్తాడు. ఆమె ఆయన కాళ్ళ మీద పడుతుంది. మంగళం.

ఏటా ఉత్సవాల్లో ఆ నాటకం ఆడేవాళ్ళు. మృగరాజు వేషం మృగరాజే వేసేవాడు. శివంగి వేషం మాత్రం లేడి వేసేది, నడుము సన్నమని. అసలు శివంగి ఎప్పుడూ పట్టించుకోలేదు. వేటాడి తెచ్చి ఇంటిల్లిపాదికీ పెట్టేసరికే ఆమెకు పొద్దు గుంకేది. ఇక నాటకాలు చూసే తీరిక ఎక్కడిది?

ఒకరోజు ఆమె కూతురు గోరింట, ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల, తల్లి మెడకు చుట్టుకుని అడిగింది.

"అమ్మా, నిన్ను కట్టేసినప్పుడు బాగా నొప్పెట్టిందా?"

"నన్నెవరే కట్టేసింది? వాటిని తరిమిందే నేను!"

గోరింట తల్లి వైపు జాలిగా చూసింది. "పోనీలే అమ్మా, నా దగ్గర సిగ్గెందుకు? నాటకంలో అలా లేదుగా."

లోకం ఏమనుకున్నా శివంగికి లెక్కలేదు. కానీ కన్నకూతురు తనను చూసి జాలిపడటం ఆమె తట్టుకోలేకపోయింది. తిన్నగా సంఘం ఆఫీసుకు వెళ్ళింది.

అక్కడ ఎలుగుబంటి, నక్క తలలు పట్టుకుని కూర్చున్నారు. లేడి పురిటికి వెళ్ళింది, నాయిక లేదు. శివంగిని చూడగానే నక్క లేచి నిలబడ్డాడు.

"రాణీగారూ! దేవుడు పంపినట్టు వచ్చారు. ఈసారి మీ వేషం మీరే వెయ్యాలి."

"వేస్తాను. కానీ జరిగింది జరిగినట్టు రాయి. తరిమింది నేను."

నక్క నొచ్చుకున్నాడు. "ఆడది కొడితే జనం చూడరమ్మా. అయినా మరి హీరోగారేం చేస్తారు?"

"ఆ రోజు చేసిందే చెయ్యమను."

"నిద్రపోయారు కదమ్మా! మూడంకాలూ ఆయన గురక పెడితే టిక్కెట్లెవరు కొంటారు?"

ఎలుగుబంటి కల్పించుకున్నాడు. "తల్లీ, పంతాలొద్దు. చివర్లో నీకు ఒక మాట ఇద్దాం. ఆఖరి రంగంలో నువ్వు ముందుకొచ్చి, 'ఆ రోజు వాటిని తరిమింది నేను' అనేసెయ్. సరేనా?"

శివంగి ఆలోచించింది. ఒక్క మాటే. అయినా వేదిక మీద అంటే గోరింట నమ్ముతుంది. సరేనంది.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. అడుగు మెల్లగా వెయ్యమన్నారు. గోళ్ళు లోపలికి లాక్కోమన్నారు. చెవిలో మందారం పెట్టారు. మూడోరోజు నక్క ఇంకో సంగతి బయటపెట్టాడు.

"మీ గొంతు కాస్త... గంభీరమమ్మా. జనానికి సానుభూతి రాదు. మీరు నోరు ఆడించండి చాలు. పొద చాటునుంచి కోయిల చెబుతాడు."

చెబుతాడు అనే అన్నాడు. కమ్మగా కూసేది మగకోయిల. ఆడకోయిలను ఎవరూ అడగనే లేదు.

"ఆఖరి మాట కూడానా?"

"అబ్బే, అది మీరే లెండి," అంటూ నక్క నేల చూపులు చూశాడు.

కోతులు అడవంతా తిరిగి దండోరా వేశాయి. "రండి బాబూ రండి! అసలైన శివంగి! నిజమైన తాళ్ళతో కట్టివేత! కన్నీటి ఘట్టం!" అని ఏటి గట్టుదాకా వెళ్ళి మరీ అరిచాయి.

ఉత్సవం నాటి సాయంత్రం మైదానం కిటకిటలాడింది. ముందు వరుసలో పిల్లలు, వాళ్ళ మధ్యలో గోరింట. వేదిక మీద శివంగిని రాటకు గట్టిగా కట్టారు. ఒళ్ళంతా ఎర్రమట్టి పూసుకుని కుందేళ్ళు రేచుకుక్కల వేషంలో చుట్టూ గెంతుతున్నాయి. పొదలోంచి కోయిల "నాఆథా!" అని రాగం తీశాడు. ముసలి జంతువులు ముక్కులు చీదుకున్నాయి.

అంతలో కుందేళ్ళు కీచుమని పరుగు తీశాయి. వాటి వెనకనుంచి నిజం రేచుకుక్కలు వేదికెక్కాయి.

జనం ఈలలు వేశారు. "ఆహా, వేషాలంటే ఇవీ! కంపు కూడా అచ్చం అలాగే ఉంది!" అని అడవిపంది మెచ్చుకున్నాడు.

చెవి సగం లేని నాయకుడు శివంగి ముందు నిలబడ్డాడు. "గుర్తుపట్టావా తల్లీ? నిన్ను కట్టేస్తున్నారని మీ కోతులే చాటాయి. మొదట నమ్మలేదు. మా ఇళ్ళల్లో ఇప్పటికీ నీ పేరు చెప్పే పిల్లల్ని నిద్రపుచ్చుతారు మరి."

అంత కష్టంలోనూ శివంగికి మనసులో కాస్త తృప్తిగా అనిపించింది. జరిగింది జరిగినట్టు గుర్తుపెట్టుకున్నది శత్రువులే అన్నమాట.

"కట్లు విప్పండ్రా! వీళ్ళు నిజం కుక్కలు!" అని ఆమె అరవబోయింది. నోరు కదలడం చూసి, అలవాటుగా కోయిల అందుకున్నాడు. "నాఆఆథా!"

చప్పట్లు.

"అమ్మగారూ, ఆ మాటలు మీకు లేవు! ఏడవండి, ఏడవండి!" అని తెర పక్కనుంచి నక్క గుసగుసలాడాడు.

అప్పుడే మృగరాజు జూలుకు నూనె పట్టించుకుని, చెక్క గద ఊపుతూ దూకాడు. సగం చెవి వైపు చూశాడు. గద అక్కడే వదిలేసి, వచ్చినంత వేగంగా తెర వెనక్కి దూరాడు. తెర పక్కన నక్క గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఇది కొత్త మలుపు," అన్నాడు అడవిపంది.

రేచుకుక్కల నాయకుడు ముందు వరుస వైపు తిరిగాడు. పిల్లలు ఇంకా చప్పట్లు కొడుతున్నారు. గోరింట ఒక్కతే చప్పట్లు ఆపి, తల్లి ముఖంలోకి చూసింది.

శివంగి ఇక ఎవరినీ బతిమాలలేదు. ఒక్క ఊపు ఊపింది. రాటను మొదలంటా పెకలించుకుని లేచింది. ఆ రాటను వీపున మోస్తూనే, తన సొంత గొంతుతో గర్జించింది. కోయిల పొదలోంచి కిందపడ్డాడు. రేచుకుక్కలకు ఆ గర్జన బాగా తెలుసు. మిగిలిన చెవులైనా దక్కితే చాలనుకుని, తోకలు ముడిచి ఏటివైపు పారిపోయాయి. నాయకుడే అందరికంటే ముందున్నాడు.

శివంగి వేదిక ముందుకొచ్చి, ఆయాసం తీర్చుకుని, తన వంతు ఆఖరి మాట చెప్పబోయింది. టైము అయిపోయిందని ఎలుగుబంటి తెర దించేశాడు.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమై, శివంగిని కూడా పిలిపించింది. నక్క పొద్దున్నే కొత్త నాటకం రాసుకొచ్చాడు. మృగరాజు కావాలనే తెర వెనక్కి తప్పుకుని, ధర్మపత్నికి అవకాశం ఇచ్చిన మహోన్నత ఘట్టం అది. ఆ త్యాగానికి ఆయనకు 'స్త్రీజన బాంధవ' బిరుదు ఏకగ్రీవంగా ప్రకటించారు. మృగరాజు మొహమాటంగా తల వంచుకున్నాడు.

"తల్లీ, నీ చేతుల మీదుగా దండ వెయ్యాలి," అన్నాడు ఎలుగుబంటి.

శివంగి కదల్లేదు. ఆమె ఒళ్ళో ఉన్న గోరింట లేచి నిలబడింది.

"నక్క మామా, నిన్న నువ్వు కళ్ళు మూసుకున్నావు కదా. నేను చూశాను. మరి ఏం జరిగిందో నీకెలా తెలుసు?"

నక్క దగ్గాడు. "రచయిత కళ్ళు తెరిచి చూస్తే రాయలేడు పాపా."

"అయితే నువ్వు రాసుకో. మేం వెళ్తాం," అంది గోరింట.

శివంగికి నవ్వాగలేదు. ఎన్నాళ్ళుగానో గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. కూతుర్ని మెడ దగ్గర పట్టుకుని, సభ మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. మళ్ళీ వేటకు వేళయింది మరి. దండ ఎలుగుబంటే వేశాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

నీతి: చరిత్ర సృష్టించడానికి పళ్ళూ గోళ్ళూ ఉంటే చాలు, అందులో పేరు ఉండాలంటే మాత్రం నక్కతో చుట్టరికం ఉండాలి.