బూరె అక్షరాల్లో నీళ్లు

కర్నూలు ప్రాంత ప్రజలకు శుభవార్త. ఇకపై మంచినీళ్లు రావన్న సంగతిని సంబంధిత శాఖ వారు ముద్దుగా తెలియజేస్తారు.

ఈ సంస్కరణకు మూలపురుషుడు నీటి సరఫరా అధికారి సుందరం గారు. మనవడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద బూరెల్లా ఉబ్బిన లావుపాటి అక్షరాలను చూసి, వచ్చినవాళ్లందరూ నవ్వుకుంటూ లోపలికి రావడం వారు గమనించారు. భోజనాలు ఆలస్యమైనా ఎవరూ విసుక్కోలేదు. ప్రభుత్వానికి కావలసిన ప్రజలు ఇలాంటివాళ్లే కదా! మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఇన్నాళ్లూ నోటీసుల్లోని సన్నటి, ముళ్లలాంటి అక్షరాల వల్లనే ప్రజలకు దాహం ఎక్కువగా అనిపిస్తోందని అందులో సవివరంగా ఉంది.

ఓర్వకల్లు దాపునున్న గుండ్లకొట్టాలలో ట్యాంకుకు మొదటి ఫ్లెక్సీ కట్టారు. 'నీళ్లు రావు' అని గులాబీ రంగులో, బుగ్గలు పూరించుకున్న అక్షరాలు. ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లు తిట్టడానికి నోరు తెరిచి, వాటిని చూసి నవ్వేశారు. కొందరు ఫొటోలు దిగారు. ఫిర్యాదులు తగ్గాయి. ఇది చూసి కరెంటు కోతల, పన్ను జప్తుల నోటీసులు, చివరికి శ్మశానం దారి చూపే బోర్డు కూడా బొద్దుగా తయారయ్యాయి. కడప నుంచి ఒక అధ్యయన బృందం వచ్చి, అక్షరాలను కొలిచి, భోంచేసి వెళ్లింది.

గుండ్లకొట్టాలలో హులిగెమ్మకు ఒక్కదానికే నవ్వు రాలేదు. ఇంట్లో కోడలు అంజలి పచ్చి బాలింత. గుడ్డలు ఉతకాలన్నా, బిడ్డకు స్నానం చేయించాలన్నా గుట్ట అవతల బోరు దాకా నడవాలి. హులిగెమ్మ అర్జీ రాయించి ఇచ్చింది. సన్నటి అక్షరాలు చదివే అలవాటు ఆఫీసులో అప్పటికే పోయింది. దాంతో కర్నూలు వెళ్లి, ఆ ఫ్లెక్సీలు వేసే వీరభద్రను పట్టుకుంది.

"ఏమప్పా, ఆ సారుకు వేసిచ్చినావే బూరె అక్షరాలు, అవే మాకూ కావల్ల."

"ధర్నాకా? ధర్నాకు నల్లగా, కోపంగా ఉండల్ల కదమ్మా!"

"కోపంగా రాస్తే యాడ చదువుతాండారు? లావుగా కొట్టు. 'మా ఊరికి నీళ్లు ఇయ్యండి' అని."

ఊరి ఆడవాళ్లంతా ఆ ఫ్లెక్సీ పట్టుకుని ఆఫీసు ముందు బైఠాయించారు. ఈసారి సుందరం గారు చదివారు. కళ్లు చెమర్చాయి. మైకు తెప్పించారు.

"సంస్కరణ అట్టడుగు వర్గాలకు చేరిందనడానికి ఇంతకన్నా నిదర్శనం కావాలా? ఎంత సౌందర్య దృష్టి! ఈ గ్రామీణ మహిళకు ప్రథమ బహుమతి ప్రకటిస్తున్నాను!"

"బహుమతి వద్దు సారూ, నీళ్లు ఇడిపియ్యండి. ఇంట్లో బాలింత ఉండాది."

ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. హులిగెమ్మకు శాలువా కప్పి, చేతిలో స్టీలు బిందె పెట్టారు. ఆమె ఆశ చావక మూత తీసి చూసింది. లోపల చుట్టి పెట్టిన ప్రశంసాపత్రం ఉంది, బూరె అక్షరాల్లో.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. ముందు ఖాళీ బిందె పట్టుకుని ఏడుపు ముఖంతో హులిగెమ్మ, వెనక ఆమె ఫ్లెక్సీ. మీరూ చూసే ఉంటారు. చూసి ఊరుకోకుండా పక్కవాళ్లకు కూడా చూపించి ఉంటారు, అక్షరాలు భలే ముద్దుగా ఉన్నాయని.