రోడ్డు రోలరు తొక్కిన పిచ్ మీద నా కెప్టెన్సీ

చదును పిచ్‌ని తిట్టేవాడంత కృతఘ్నుడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడు!

పరాయి గడ్డ మీద, చదును పిచ్ మీద బౌలర్లు నెగ్గాలంటే ఏం కావాలి? టీవీలో కోటు వేసుకుని కూర్చున్న నిపుణుల్ని అడగండి. తాటిచెట్టంత ఎత్తు కావాలంటారు. పాతబడ్డ బంతిని కూడా మెలిక తిప్పే నేర్పు కావాలంటారు. ఒకాయనైతే అరగంట ఊదరగొట్టి, చివరికి బంతి సరైన చోట పడాలని తేల్చాడు. ఆ మాత్రం చెప్పడానికి కోటెందుకండీ?

నన్నడగండి, నేను చెబుతాను. నీటి సరఫరా ఆఫీసు జట్టుకి ఏళ్ల తరబడి నేనే కెప్టెన్ని, కొత్త బంతి వేసేదీ నేనే. వికెట్లెన్ని తీశావని మాత్రం అడక్కండి. ఆడవాళ్ల వయసూ, మగవాళ్ల జీతమూ, నా వికెట్లూ అడగకూడదు.

నా అనుభవంలో అతిథి బౌలర్లకి కావలసింది ఒక్కటే. ఎవరికీ వికెట్ పడకూడదు! అందరినీ సమానంగా చితక్కొడితే తప్పు ఎవరిది? పిచ్‌ది. ఒక్కడికి పడిందా, మిగతావాళ్ల బతుకు బజారున పడుతుంది. ఆడలేనివాడికి నిజంగానే ఓటి మద్దెల దొరకడం ఎంత అదృష్టమో ఆలోచించండి.

సొంత మైదానంలో మా కథ వేరు. అక్కడ నేల కింద ఒక పైపు ఎప్పట్నుంచో కారుతోంది. ఊరి పైపులు చూసేవాళ్లం మా పైపు మేమే బాగుచేసుకుంటే, స్వార్థపరులని లోకం అనుకోదూ? అందుకని పిచ్ మీద ఎప్పుడూ తడి, పచ్చిక. అక్కడ కళ్లు మూసుకుని వేసినా బంతి గిర్రున తిరుగుతుంది. నాకు బౌలరన్న పేరొచ్చింది ఆ పైపు చలవతోనే.

ఏటా మేం వెళ్లి ఆడేది రోడ్ల శాఖ మైదానంలో. వాళ్లకి సొంత రోడ్డు రోలరుంది. రోడ్ల మీద ఏనాడూ కనపడని ఆ రోలరు, మ్యాచ్‌కి ముందు వారమంతా పిచ్ మీదే కాపురం పెడుతుంది. ఊళ్లో ఒక్క రోడ్డైనా అందులో సగం నున్నగా ఉంటే, స్కూటర్ మీద ఆఫీసుకెళ్లే నా నడుము ఇలా ఉండేది కాదు.

మా జట్టులో బంతి సర్వీసు ప్రకారం చేతులు మారుతుంది. ఈ రూలు నేను పెట్టలేదు, కాపాడుతున్నానంతే. మొదట నేను. అవతలి వైపు నుంచి అకౌంటెంటు, ఆయన పరుగు మొదలుపెడితే బొజ్జ ముందొస్తుంది, ఆయన తర్వాత వస్తాడు. ఆ పైన స్టోర్ కీపరు, టైపిస్టు, డ్రైవరు. ఇరవై ఓవర్లకి మనిషికి నాలుగు చొప్పున ఐదుగురు చాలు కదా? ఆరోవాడు నా బావమరిది.

వాడు మీటర్ రీడరు. ఇంటింటికీ తిరిగి మీటరు చూడటం, కుక్క తరిమితే పరుగెత్తడం వాడి ఉద్యోగం. బంతి బ్రహ్మాండంగా వేస్తాడని అందరూ అంటారు. అనేవాళ్లకేం, వాళ్లేమైనా కెప్టెన్లా?

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఇంజనీరు మేడమ్ ఓ పుల్ల వేశారు. ఏటా ఎందుకు ఓడుతున్నామో ఈసారి తనే వచ్చి చూస్తారట. తప్పు పిచ్‌దైతే సరే, మనుషులదైతే కెప్టెన్ని మార్చేస్తారట. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క హోదా అది. ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా చేతిలో ఉండదు.

పొద్దున్నే మ్యాచ్ చూడటానికి నాతో బయల్దేరుతూ మా ఆవిడ, తన తమ్ముడికి ఒక్క ఓవరైనా ఇవ్వమని మరీ మరీ చెప్పింది. వంతు వస్తే ఎందుకివ్వనూ అన్నాను.

ముందు వాళ్ల బ్యాటింగు. నా మొదటి బంతినే వాళ్ల తారు మేస్త్రీ గోడ దాటించాడు. రెండోది వెతకడానికి నలుగురు వెళ్లారు. టైపిస్టు వేసిన బంతులన్నీ కార్బన్ కాపీల్లా ఒకే చోట పడి, ఒకే చోటికి ఎగిరాయి. సిక్సర్ పడ్డప్పుడల్లా నేను మేడమ్ వైపు చూసి, పిచ్‌ని వేలితో చూపించి, విచారంగా తల అడ్డంగా ఊపాను. ఆవిడా జాలిగా తల ఊపారు. నా కెప్టెన్సీ పదిలంగా ఉంది.

చివరి ఓవర్ అకౌంటెంటుది. మొదటి బంతి వేశాడో లేదో, మోకాలు పట్టేసి కూలబడ్డాడు. మిగిలిన ఐదు బంతులూ నేనే వేస్తానన్నాను. మీ కోటా అయిపోయిందన్నాడు అంపైరు. మా అందరి కోటాలూ అయిపోయాయి. చేసేదేముంది? బంతిని బావమరిది చేతిలో పెట్టి, కంగారు పడకు, నీకూ సిక్సర్లు పడతాయిలే అని ధైర్యం చెప్పాను.

వాడి మొదటి బంతికే తారు మేస్త్రీ స్టంపు లేచిపోయింది. పిచ్‌ని చూపించే వేలు గబుక్కున జేబులో పెట్టుకున్నాను.

రెండోది బ్యాటుకి అందలేదు. మూడోది గాల్లోకి లేచింది. ఎక్కడికి? సరిగ్గా నా నెత్తి మీదికి! పడితే వాడికి రెండో వికెట్, నా పిచ్ కథ కంచికి. వదిలేస్తే ఎవరూ అనుమానించరు, ఇన్నేళ్లలో నేనొక్క క్యాచ్ అయినా పడితేగా? వదిలేద్దామనే అనుకున్నాను. ప్రతిసారీ పట్టేటప్పుడు ఎలా నిలబడతానో అచ్చం అలాగే, చేతులు చాచి, కళ్లు మూసుకుని నిలబడ్డాను.

బంతి వచ్చి చేతుల్లో అతుక్కుంది. పట్టుకోవాలని ప్రాణం పెట్టినప్పుడెప్పుడూ నిలవని బంతి, వదలాలనుకున్నప్పుడు నిలిచింది. మైదానమంతా చప్పట్లు! మా ఆవిడ లేచి నిలబడి మరీ కొట్టింది. నా జన్మలో నాకు పడ్డ చప్పట్లు అవే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఒక్క నిమిషం చాలా బాగుంది.

ఆఖరి బంతికి ఇంకో స్టంపు ఎగిరింది. అప్పటికే పరుగులు కొండంత పేరుకున్నాయి కాబట్టి మ్యాచ్ ఎలాగూ ఓడిపోయాం. నేను పిచ్ గురించి నోరు తెరిచేలోగా మేడమ్ వాడినే అడిగారు, అంత చదును పిచ్ మీద వికెట్లెలా పడ్డాయని.

"పిచ్‌తో నాకేం పని మేడమ్? నేరుగా వాళ్ల కాళ్ల దగ్గరికే వేశాను" అన్నాడు వాడు.

మేడమ్ నా వైపు చూశారు. నేను రోలరు వైపు చూశాను. మర్నాడు కెప్టెన్సీ వాడికెళ్లింది, సర్వీసు రూలు చెత్తబుట్టకెళ్లింది.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, అతిథి జట్టుకి ఏం కావాలో ఇప్పుడు సవరించి చెబుతున్నాను. బౌలింగ్ వచ్చినవాడొకడు కావాలి. వాడు దాదాపు ప్రతి జట్టులోనూ ఉంటాడు. వాడికీ బంతికీ మధ్య నాలాంటి వాళ్లు ఐదుగురుంటారు, అంతే తేడా. పాపం పిచ్‌ని ఎందుకండీ అనడం?

అయినా నేను పూర్తిగా ఆశ వదులుకోలేదు. సొంత మైదానంలో నా పైపు నాకుందిగా! నిన్న సాయంత్రం కొత్త కెప్టెన్‌గారు అక్కని చూడటానికి మా ఇంటికొస్తే, పక్కకి పిలిచి బతిమాలాను.

"ఒరే, మన మైదానంలో ఆడేటప్పుడు కొత్త బంతి నాకే ఇస్తావు కదూ? అక్కడ నా బౌలింగ్ నీకు తెలుసుగా."

"తప్పకుండా ఇస్తాను బావా" అన్నాడు. "ఆ పైపు కూడా పొద్దున్నే బాగుచేయించాను. ఇక మీ కాలు జారదు."