ఛైర్మన్ గారి ఇంజిన్ లైటు

"నా కారులో ఇంజిన్ లైటు వెలగడం వెనక ఎవరున్నా సరే, ఎంతటివారైనా సరే, వదిలిపెట్టే ప్రసక్తే లేదు" అని జిల్లా పొగ నివారణ ప్రచార మండలి ఛైర్మన్ ఇంద్రసేన గారు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో మైకు పట్టుకుని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. వెనక కట్టిన ఫ్లెక్సీ నాదే, పన్నెండడుగులు ఇంటు ఎనిమిది. చౌరస్తా పక్కన నాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుంది. ప్రజాస్వామ్యం ఎలా నడుస్తోందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం.

ఆ లైటు వెలిగినప్పటి నుంచి కారు నలభై దాటడం లేదు. వెనక వచ్చే పదకొండు బండ్లూ నలభైలోనే రావలసి వచ్చేది. యాచారం వెళ్లొచ్చేసరికి పూట గడిచిపోయేది. "ప్రజలకు దగ్గరగా ఉండాలనే సార్ నెమ్మదిగా వెళ్తున్నారండి" అని ఆయన పీఏ జోగారావు గారు విలేకరులకు చెప్పేవారు. జోగారావు గారు కాకినాడ వైపు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డారు. అబద్ధాన్ని అంత మర్యాదగా చెప్పే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

షోరూం వాళ్లు ఏదో సెన్సర్ మార్చారు. మూడో రోజు లైటు మళ్లీ వెలిగింది. ఇంకో సెన్సర్ మార్చారు. ఇంకో మూడు రోజులకు మళ్లీ అదే లైటు. అప్పుడు గానీ ఛైర్మన్ గారికి నా షాపుకు ఎదురుగా ఉన్న మెకానిక్ ఎల్లేష్ గుర్తుకు రాలేదు.

ఎల్లేష్‌కు అప్పటికే ఒక కష్టముంది. రోడ్డు వెడల్పు చేస్తామని అధికారులు అతని రేకుల షెడ్డు మీద ఎర్రరంగుతో అడ్డగీత గీసి పోయారు. ఖాళీ చేయడానికి మంగళవారం దాకా గడువు. పద్నాలుగేళ్ల షెడ్డు అది, దాని మీదే ఇంట్లో నలుగురు బతుకుతున్నారు. వెడల్పు ఒక వైపే. నా షాపున్న వైపు ఛైర్మన్ గారి బామ్మర్ది కాంప్లెక్సు కూడా ఉంది, అది వేరే సంగతి.

"లైటు ఆర్పు ఎల్లేషూ, నీ గీత నేను చెరిపిస్త. ఫికర్ చేయకు" అన్నారు ఛైర్మన్ గారు. నేను నా చెవులతో విన్నాను.

ఆదివారం పొద్దున్నే ఎల్లేష్ బానెట్ ఎత్తాడు. జోగారావు గారు పక్కనే నిలబడ్డారు.

"ఎవరి పనంటావ్ బాబూ? ప్రతిపక్షమేనా?"

"ఎవల పని కాదు సార్. ఇంజిన్ ఇడిచిన పొగ కొంత మళ్ల ఇంజిన్లకే పోతది. గా పొగ ఎంత వేడిగున్నదో గీ సెన్సర్ చూసి, సీటు కింద కంప్యూటర్‌కు చెప్తది."

"మన పొగ మనమే పీల్చడమా? ఇంత మంచి పథకం ఉన్నట్టు మా మండలిలో ఎవరికీ తెలియదే" అని జోగారావు గారు డైరీలో రాసుకున్నారు.

ఎల్లేష్ సెన్సర్ విప్పి, నా షాపులోంచి కెటిల్ తెమ్మన్నాడు. మరుగుతున్న నీళ్లలో దాని కొస ముంచి మీటరు పెట్టాడు. వేడెక్కే కొద్దీ మీటర్లో అంకె దిగుతూ వచ్చింది.

"సూడుండ్రి, సెన్సర్ మంచిగనే చెప్తున్నది" అన్నాడు. తర్వాత వైరుకు ఈ కొసనా ఆ కొసనా మీటరు పుల్లలు ఆనించాడు. వైరు బాగుంటే మోగాల్సిన మీటరు కూత పెట్టలేదు. "చెప్పిన మాట పైకి పోతలేదు. నడుమల వైరు తెగింది. ఎలుక కొరికినట్టున్నది."

"అంటే కింద నుంచి నిజమే వస్తోంది, పైకి చేరడం లేదంటావ్."

"అవ్ సార్."

జోగారావు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఈ మాట సార్ దగ్గర అనకు."

రుజువు కోసం ఎల్లేష్ ఒక ఎర్ర వైరు తెచ్చాడు. సెన్సర్ దగ్గర్నుంచి బయటికి లాగి, వేలాడకుండా సైడు అద్దానికి ఒక చుట్టు చుట్టి, కిటికీలోంచి కంప్యూటర్‌కు కలిపాడు. స్కానర్‌తో పాత తప్పు చెరిపి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. లైటు ఆరింది. ఎల్లేష్ అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకే గంతేయాలనిపించింది.

"జర గంట టైమియ్యుండ్రి సార్, లోపల్నుంచి పక్కాగ వైరు గుంజుత."

"కుదరదు. పదకొండింటికి సార్ వస్తున్నారు, ప్రారంభోత్సవం."

"రిపేరుకు ప్రారంభోత్సవమేంది సార్?"

"ప్రారంభోత్సవం లేకపోతే పని జరిగినట్టు రికార్డు ఎక్కడుంటుందయ్యా?"

నిజమే కదా. ఇంద్రసేన గారు ఈ ఏడాది మూడు వందల పైచిలుకు రిబ్బన్లు కత్తిరించారు. బోరు మోటార్లు, బస్ షెల్టర్లు. ఒక షెల్టరైతే రెండుసార్లు. చేతిలో కత్తెర, ఎదుట ఎర్రగా సాగదీసినది ఏదో ఒకటి ఉంటే చాలు, ఆయన చేయి తన పని తాను చేసుకుపోతుంది. చూపు మాత్రం కెమెరా మీదే ఉంటుంది.

పదకొండింటికి డప్పులు, శాలువాలు, పళ్లెంలో కత్తెర వచ్చాయి. రిబ్బన్ తెచ్చే బాధ్యత నాది. దాన్ని పట్టుకుని నేను ఇంకా రోడ్డు దాటుతుండగానే చప్పట్లు వినిపించాయి.

"సార్, గది..." అంటున్నాడు ఎల్లేష్.

తెగిపోయింది. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఛైర్మన్ గారు కారెక్కి చూశారు. లైటు వెలుగుతోంది. డప్పులు ఆగాయి.

"సార్ చేతుల మీదుగా లైటు వెలిగిందండి" అన్నారు జోగారావు గారు మైకులో. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

"రెండు నిమిషాలు సార్. మీరు కోసింది వైరు. మళ్ల కలుపుత" అని ఎల్లేష్ వంగాడు.

ఛైర్మన్ గారు కిటికీలోంచి అతని చేయి పట్టుకుని ఆపారు. "ఒకపారి ప్రారంభించినంక మళ్ల ముట్టుకునుడు మా దగ్గర లేదు. బోరు మోటర్లు ముట్టుకున్నమా?"

"మరి నా షెడ్డు సార్?"

"లైటు ఆరితే అన్న కద. ఆరిందా?"

ఎల్లేష్ తెగిన రెండు కొసలూ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు సిగ్గేసింది. అయినా రిబ్బన్ మడిచి జేబులో పెట్టుకున్నాను, ఆ సాయంత్రం ఇంకో రెండు ఫ్లెక్సీల ఆర్డరుంది.

మంగళవారం జేసీబీ వచ్చి పావుగంటలో షెడ్డును చదును చేసింది. ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి శుక్రవారానికే తారు కూడా పడింది. రోడ్డును ఎవరు ప్రారంభించారో చెప్పక్కర్లేదు.

కొత్త రోడ్డు మీద మొదట ఛైర్మన్ గారి కారే కదిలింది. నలభై లేదు, ఇరవై లేదు. రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి సరిగ్గా నా షాపుకు ఎదురుగా ఆగిపోయింది. నా షాపు మెట్ల మీద పానాలు, స్క్రూడ్రైవర్ల డబ్బా పెట్టుకుని కూర్చున్న ఎల్లేష్‌ను చూసి ఛైర్మన్ గారు అద్దం దించారు.

"ఎల్లేషూ, కారు గుంజుతలేదు. జర నీ షెడ్డుకు తోయించు. ఇప్పుడు ఏడ పెట్టినవ్?"

ఎల్లేష్ లేచి వెళ్లి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తోసుడేం అవసరం లేదు సార్" అన్నాడు. "షెడ్డుల్నే ఉన్నరు."